చివరి వేలెడు మైనం

పొద్దున్నే ఇల్లు ఊడ్చి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, పొయ్యిమీంచి పాలగిన్నె దించగానే ఆమె కొవ్వొత్తుల మైనం ఎక్కించేది. మైనాన్ని నేరుగా మంటమీద పెట్టకూడదండీ. నీళ్ళు మరిగే గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించాలి. వత్తిని గ్లాసు నడిమధ్య నిలబెట్టి, పైన పుల్లకి కట్టి, నెమ్మదిగా పోయాలి. తొందరపడితే చల్లారాక మధ్యలో గుంట పడుతుంది.

ఆమె భర్త ఇళ్ళకి వైర్లు లాగే పనివాడు. వీధంతా కరెంటాయన అనేవారు. స్విచ్చి బిగించే ముందు ఆ ఇంట్లో అందరికంటే పొట్టి మనిషిని గోడ పక్కన నిలబెట్టి, చెయ్యి చాపమని, వేళ్ళు తగిలినచోట పెన్సిల్‌తో గీత గీసేవాడు. ఎవరూ మునివేళ్ళమీద నిలబడకూడదని ఆయన పట్టుదల. అలాంటి మనిషిని దేవుడు చిన్న జ్వరంతో తీసుకెళ్ళిపోయాడు. ఎందుకని మనం అడగొచ్చు గానీ, ఆయన చెప్పడు కదా.

"కరెంటాయన పెళ్ళాం కొవ్వొత్తులు చేస్తోందట" అని వీధి నవ్వుకుంది. ఆమె కూడా నవ్వింది. "ఆయనుంటే నా బేరం సాగనిచ్చేవాడా? దీపం పోగానే నిచ్చెన భుజానేసుకుని బయల్దేరేవాడు" అంది.

ఆమె పోసిన కొవ్వొత్తి వెలిగిస్తే, ఆ ఇంట్లోంచి వెళ్ళిపోయిన మనిషి నీడ గోడమీద పడేది. ఆమె ఇంట్లో కరెంటాయన నీడ పక్కకి తిరిగి కూర్చుని, చెవి వెనక పెన్సిల్ కోసం తడుముకునేది. ఆమె ఆ పక్కనే కూర్చుని కూరలు తరుక్కునేది. కొవ్వొత్తి సగమయ్యేసరికి వత్తిని రెండు వేళ్ళతో నలిపి ఆర్పేసేది. మర్నాడు కొత్తది వెలిగించేది. ఒక్కదాన్నీ అడుగుదాకా కాలనివ్వలేదు. అడుగుకి వచ్చాక ఏమవుతుందో చూసే ధైర్యం లేదు ఆమెకి.

ఒకనాడు ఆడపడుచు వచ్చింది. ఆవిడకి బజార్లో సామాన్ల కొట్టుంది. గోడమీద తమ్ముణ్ణి చూసి, "వీడింకా ఆ పెన్సిల్ వెతుకుతూనే ఉన్నాడా" అంది. కాసేపు కొంగుతో ముఖం తుడుచుకుని, తర్వాత బేరంలోకి దిగింది.

"నా కొట్లో పెడతానమ్మాయ్. కానీ విను. వత్తి లావైతే పొగ కక్కుతుంది, సన్నమైతే కరిగిన మైనంలో మునిగి చస్తుంది. పోసిన రోజే అమ్మేయకు, మైనంలో కలిపిన వాసన లోపలికి ఇంకాలి. అన్నిటికంటే ముందు, ఒకటి నీ ఇంట్లో నువ్వు పూర్తిగా కాల్చి చూడాలి. చివర్లో ఏమవుతుందో కొన్నవాళ్ళకంటే ముందు నీకు తెలియాలి. కాల్చావా?"

"కాల్చాను వదినా."

గోడమీద నీడ తడుముకోవడం ఆపి, కదలకుండా కూర్చుంది. ఆమె చూసి కూడా చూడనట్టు వంకాయ తరిగింది.

కొవ్వొత్తులు కొట్లోకి వెళ్ళాయి. మొదట కొన్నది వీధి చివరి దర్జీ. ఆయన భార్య పోయి ఎంతో కాలం కాలేదు. బాగా పొట్టి మనిషి, కుట్టుమిషన్ పక్కన కింద కూర్చుని గుండీలు కుట్టేది. కొవ్వొత్తి వెలిగించగానే ఆవిడ నీడ గోడమీద కూర్చుని గుండీలు కుట్టడం మొదలుపెట్టింది. మిషన్ చప్పుడు మళ్ళీ సాయంత్రాలు వినిపిస్తోందని వీధిలో అందరూ సంతోషించారు.

తర్వాత ఒకరోజు దర్జీ ఆమె గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో శుభ్రంగా కడిగిన ఖాళీ గ్లాసు.

"గ్లాసు పగల్లేదమ్మా. పని బాగా చేశావు" అన్నాడు. అలాగే నిలబడిపోయాడు.

"ఏమైంది పెద్దాయనా?"

"కొవ్వొత్తి అడుగుకి వచ్చినప్పుడు సూదిలో దారం ఎక్కిస్తున్నాను. తలెత్తేసరికి చీకటి. తను లేదు. ఇంకోటి తెచ్చి వెలిగించాను. నా నీడ ఒక్కటే పడింది. ముందే తెలిసుంటే రోజుకి కాస్తంత కాల్చుకునేవాణ్ణి." గ్లాసుని చేతిలో తిప్పాడు. "అప్పట్నుంచి లైటార్పలేకపోతున్నాను. నువ్వు కాల్చి చూశావట కదా, మీ వదిన చెప్పింది. చివర్లో ఎటు వెళ్తారమ్మా?"

తిట్టుంటే తేలిగ్గా ఉండేది.

"రేపు చెప్తాను" అంది ఎలాగో.

తిన్నగా కొట్టుకెళ్ళి అరలోంచి కొవ్వొత్తులన్నీ దించేసింది. "అబద్ధం చెప్పాను వదినా. ఒక్కటీ కాల్చలేదు. కాలిస్తే ఆయన..."

ఆడపడుచు కొట్టు తలుపులు దగ్గరికి లాగి, "ఒక్కదానివే కాల్చకు. వాడు నాకూ తమ్ముడే" అంది.

సందె వేళకి ఇద్దరూ గోడకి ఎదురుగా కూర్చున్నారు. ఆమె దేవుడి పటానికి దణ్ణం పెట్టి వత్తి వెలిగించింది. కరెంటాయన వచ్చి కూర్చున్నాడు. సగమయ్యింది. అలవాటైన ఆమె వేళ్ళు ముందుకెళ్ళాయి. ఆడపడుచు ఆ చేతిని పట్టుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

"చిన్నప్పుడు వీడికి చీకటంటే భయం తెలుసా" అంది.

"నాతో ఎప్పుడూ అనలేదు."

"పెళ్ళాంతో ఎవడంటాడే."

మైనం చివరి వేలెడు మిగిలింది. మంట కిందికి దిగేకొద్దీ నీడ పైకి లేచింది. మొదటిసారి ముఖం వాళ్ళవైపు తిప్పింది. భుజాలు కిటికీ దాటాయి, తల పైకప్పుని తాకి ఇటువైపు వంగింది. గోడ చాల్లేదు. అంచుల్లేని నీడ వాళ్ళ తలలమీదికి, ఒళ్ళోకి, పట్టుకున్న చేతులమీదికి వచ్చింది. వత్తి మైనంలోకి ఒరిగి ఆరిపోయింది. గదంతా ఆయనే అయ్యాడు. ఇద్దరూ ఏడ్చారు. లేచి లైటు మాత్రం ఎవరూ వెయ్యలేదు.

మర్నాటి సాయంత్రం ఆమె దర్జీ ఇంటికెళ్ళింది. బల్బు వెలుగుతోంది. మిషన్ మీద బట్ట కప్పి ఉంది.

"కాల్చి చూశానని వదినతో అబద్ధమాడాను. నిన్న చూశాను" అంది. "ఎటూ వెళ్ళరు పెద్దాయనా. పెరుగుతారు. గోడ పట్టనంత పెరుగుతారు. లైటుంటే ఆ నీడకి చోటుండదు."

దర్జీ ఆమెవైపు, తర్వాత బల్బువైపు చూశాడు. గోడ దగ్గరికి నడిచాడు. కరెంటాయన ఒకప్పుడు గీత గీసి బిగించిన స్విచ్చి అది. ఆ ఇంటి పొట్టి మనిషి చేతికి అందేంత ఎత్తులో ఉంది.

ముసలాయన నడుం వంచి, దాన్ని నొక్కాడు.