ఆ రోజు నాకు సెలవు

ఏడో కాగితం ఇంకా సగంలోనే ఉంది. కాగితం అనడం ఆమె అలవాటు. తెరమీద కనబడేవి ఎక్కడెక్కడి మనుషులో పంపే ఇంగ్లీషు రాతలు. ఉద్యోగానికి దరఖాస్తులు, ఇంటి యజమానికి విన్నపాలు, పిల్లల బడికి ఉత్తరాలు. తప్పులు దిద్ది, ఎందుకు తప్పో అడుగునున్న గడిలో రాసి తిప్పి పంపాలి. ఒక్కోదానికి పదకొండు నిమిషాలు. తెర మూలన గడియారం వెనక్కి నడుస్తూ ఉంటుంది.

ఆమె కళ్ళజోడు తీసి కనురెప్పలు నొక్కుకుంది. పొద్దుటి నుంచి ఎడమ రెక్క లాగుతోంది. పడక సరిగా కుదరలేదేమో అనుకుంది. యాభై ఎనిమిదేళ్ళ ఒంట్లో ఏదో ఒకటి లాగుతూనే ఉంటుంది, దేన్నని పట్టించుకుంటాం?

గది తమ్ముడి ఇంట్లో వెనకవైపుది. ఒక మంచం, బల్ల, మెత్త అణిగిపోయిన కుర్చీ. కిటికీ తీస్తే పక్కింటి గోడ. వీధిలో అందరికీ ఆమె గ్రామరు అక్కయ్య. పెళ్ళి కాలేదు. ఎందుకు కాలేదంటే పెద్ద కథేమీ లేదు, వచ్చిన ఒకటి రెండు సంబంధాలు వచ్చిన దారినే పోయాయి. ముప్పై ఏళ్ళు బడుల్లో పనిచేసింది కానీ ఎక్కడా సొంత కుర్చీ లేదు. ప్రసవానికి వెళ్ళిన టీచరమ్మ బదులు, కాలు విరిగిన మాస్టారి బదులు. వాళ్ళు తిరిగి రాగానే సంచి సర్దుకోవడమే.

"వదినా, పప్పులో ఉప్పు సరిపోయిందో లేదో చూడండి," అంటూ మరదలు గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది.

ఆమె అరచేతిలో వేయించుకుని నాకి చూసింది. "చాలు. ఇంకేమీ వెయ్యకు."

"ముఖం అలా పీక్కుపోయిందేంటి? కాసేపు ఆపరాదూ?"

"ఆపితే గడియారం ఆగుతుందా అమ్మాయ్?"

చిన్నప్పుడు తరగతిలో పాఠం చదవమంటే ఆమె 'ఐలాండ్' అనే మాటను 'ఇస్లాండ్' అని గట్టిగా చదివింది. పిల్లలందరూ నవ్వారు. మాస్టారూ నవ్వారు. అందులో 'ఎస్' ఎందుకు పలకదో మాత్రం ఎవరూ చెప్పలేదు. అందుకే ఆమె అడుగు గడిలో ఎప్పుడూ 'ఇది తప్పు' అని ఊరుకోదు. చిన్న మాటల్లో, పొట్టి వాక్యాల్లో, చదివేవాళ్ళకూ ఆ భాష పరాయిదేనని గుర్తుపెట్టుకుని రాస్తుంది.

ఎనిమిదోది ఒక ఆయా రాసింది. వృద్ధాశ్రమంలో పని. మేనేజరుకు ఒంటిగంటలోపు సంజాయిషీ ఇవ్వాలట. మొత్తం నాలుగు వరుసలు. మూడో వరుసలో మాటలు ఇంగ్లీషులో ఇలా పడి ఉన్నాయి: ముసలాయన పడింది, నేను లేదు, మనిషి లేదు, తప్పు అయింది, సారీ.

దిద్దడం ఎంతసేపు! 'నేను అక్కడ లేనందువల్ల ఆయన పడిపోయారు, తప్పు నాదే, క్షమించండి.' వ్యాకరణం శుభ్రంగా కుదురుతుంది. ఆమె వేళ్ళు సగం వాక్యం కొట్టి ఆగిపోయాయి. ఇంకో రకంగా కూడా కుదురుతుంది కదా?

గడిలో రాసింది: 'ఆ రోజు మీకు డ్యూటీ ఉందా? ఉంటే 1 అని రాయండి. లేకపోతే 2 అని రాయండి.'

పది నిమిషాలైంది, పదిహేనైంది. గడియారం ఎర్రబడింది. అప్పుడు జవాబు వచ్చింది.

'2.' వెంటనే ఇంకొకటి. '2. 2. ఆ రోజు నా లీవు. ఇంకో మనిషి రావాలి, రాలేదు. నాకు చెప్పడం రాదు. అందుకు సారీ చెప్పాను.'

ఆమె ఆ నాలుగు వరుసలూ చెరిపేసింది. మొదటి వాక్యంగా 'ఆ రోజు నాకు సెలవు' అని పెట్టింది. బదులు మనిషి రాలేదన్నది రెండోది. సారీ అన్న చోట, ఆయనకు దెబ్బ తగిలినందుకు బాధగా ఉంది, అని రాసింది. అడుగున చెప్పింది: 'సారీ అంటే ఇక్కడ తప్పు ఒప్పుకున్నట్టు. మీరు చెయ్యని తప్పు ఒప్పుకోకండి. ఎవరైనా గద్దిస్తే మొదటి వాక్యం ఒక్కటే చెప్పండి. కంఠతా పట్టండి.'

పంపేసరికి ఈ పని ఇచ్చే కంపెనీ సూపర్‌వైజర్ ఫోను. "ఒక్క కాగితానికి నలభై నిమిషాలేంటి మేడమ్? మన పని వ్యాకరణం వరకే కదండీ."

"వ్యాకరణమే నాయనా. అక్కడ ఉండాల్సింది ఎవరో తేలకుండా కర్తని ఎక్కడ పెట్టను?"

అతనికి నవ్వాలో కసరాలో తెలియలేదు. "ఇదే ఆఖరిసారి మేడమ్," అని పెట్టేశాడు.

భోజనానికి కూర్చుంది కానీ నాలుగు ముద్దలు దిగలేదు. కంచం జరిపేసి, "ఒక్క పది నిమిషాలు నడుం వాలుస్తాను, తరవాత లేపు," అంది. మరదలు లేపలేదు. పాపం, రోజూ అలిసిపోయే మనిషి, ఈ ఒక్కపూటా పడుకోనీ అనుకుంది.

నాలుగింటికి గుమ్మంలో నిలబడి పిలిచింది. మళ్ళీ పిలిచింది. దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసింది.

బస్సు డిపోలో గుమాస్తా అయిన తమ్ముడు పరుగున వచ్చాడు. వీధి చివర క్లినిక్కు డాక్టరు ఆమె చెయ్యి పట్టుకుని కాసేపు చూసి, పక్కమీద మెల్లగా పెట్టాడు. "నిద్రలోనే పోయారండీ," అన్నాడు.

డాక్టరు వెళ్ళాక బల్ల మీద కంప్యూటరు టింగుమంది. తమ్ముడు వంగి కూడబలుక్కుని చదివాడు. 'మేడం, నేను మొదటి లైను చెప్పాను. మూడుసార్లు చెప్పాను. వాళ్ళు నన్ను పనిలోంచి తియ్యలేదు. మీరు ఎవరు, నాకు తెలియదు. థాంక్స్.'

"ఎవరో ఏదో మేలు పొందారే," అన్నాడు భార్యతో. "జవాబు చెప్పొద్దూ?"

కుర్చీ అంచున కూర్చుని, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ 'మై సిస్టర్' అని కొట్టాడు. సెలవు చీటీ దగ్గర్నుంచి చిన్నదైనా పెద్దదైనా ఇంగ్లీషులో ఏది రాసినా అక్కకు చూపించకుండా అతను పంపి ఎరగడు.

"తరవాత 'ఈజ్' పెట్టాలా, 'వాజ్' పెట్టాలా?" అని అడిగాడు. అడిగాక గాని ఎవరిని అడుగుతున్నాడో అతనికి తట్టలేదు. మొహం చేతుల్లో దాచుకున్నాడు.

మరదలు అతని వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. తరవాత, కాలికి తగిలితే, కుర్చీ పక్కన నేలమీదున్న ఫ్లాస్కు తీసింది. లేచాక తాగుతానని వదిన అంటే మధ్యాహ్నం తనే నింపి పెట్టింది. మూత తిప్పగానే లోపలి టీ నుంచి సన్నగా ఆవిరి లేచింది.