అన్న పెంచిన స్ఫటికం

అన్న స్ఫటికాలు పెంచేవాడు, చెల్లెలు వాటిని పరీక్షించేది. ఇద్దరిదీ ఒకే పరిశోధనశాల. అతనిది కింద కొలిమిగది, ఆమెది పైన లేజర్ గది. "నేను వండితే నువ్వు వంకలు పెడతావు" అని ఏడిపించేవాడు అన్న.

వాళ్లు వెంటపడింది పెరోవ్‌స్కైట్ జాతి స్ఫటికం. విద్యుత్ గుణం, అయస్కాంత గుణం ఒకే గూట్లో కాపురం చేసే అరుదైన పదార్థం. అందులో పరమాణువులు వరస తప్పకుండా నిలబడి ఉన్నా క్షణం ఊరుకోవు, ఊగుతూనే ఉంటాయి. బాగా చల్లబరిస్తే ఒక ఉష్ణోగ్రత దగ్గర వాటి చిన్న చిన్న అయస్కాంతాలన్నీ ఒక క్రమంలోకి వస్తాయి. సరిగ్గా అక్కడే ఆ ఊగే లయ కూడా మారితే రెంటికీ లంకె ఉన్నట్టు. చెల్లెలు వెతుకుతున్నది ఆ లంకె కోసమే. చిన్న స్ఫటికపు పలుకులతో అది తేలడం లేదు. పెద్ద స్ఫటికం కావాలి.

పెద్దది కావాలంటే ముడిపదార్థాలను కరిగిన సీసపు ఆక్సైడ్‌లో ఉడికించి, రోజుల తరబడి మెల్లగా చల్లార్చాలి. కొలిమి మీద సీసపు పొగ లాగే ఫ్యాన్ ఎప్పుడో కాలిపోయింది. కొత్తది వస్తుందని డైరెక్టర్ చెబుతూనే ఉన్నాడు. అన్న ముక్కుకు గుడ్డ కట్టుకుని పని కానిచ్చాడు.

మొదట కడుపునొప్పి వచ్చింది. తర్వాత అయినదానికీ కానిదానికీ చిరాకు. ఒకరోజు వదిన లేజర్ గదికే వచ్చింది.

"మీ అన్న చెయ్యి చూశావా? మణికట్టు వాలిపోతోంది. పొద్దున మంచినీళ్ల గ్లాసు జారిపోయింది. నేనడిగితే కసురుకుంటాడు. నువ్వడుగు."

చెల్లెలు కిందికి దిగింది. అన్న ఎడమచేత్తో పెట్టె అందించాడు. లోపల గోరంత నల్లటి పలక అద్దంలా మెరుస్తోంది.

"కుడిచేతికి ఏమైంది?"

"నిద్రలో ఒత్తుకుంది. ముందు ఇది చూడు."

"ముందు డాక్టరు."

"సరే తల్లీ. నేను డాక్టరు దగ్గరికి, నువ్వు లేజర్ దగ్గరికి. బేరం కుదిరిందా?"

వదిన అతన్ని తీసుకెళ్లింది. చెల్లెలు స్ఫటికాన్ని చల్లబరుస్తూ దాని మీదికి కాంతి పంపింది. తెరమీద ఊగే లయను చూపే గీత మామూలుగా జరుగుతూ వచ్చి, అయస్కాంతాలు క్రమంలోకి వచ్చే చోట దారి మార్చుకుని పక్కకు ఒరిగింది. ఆమె ఆ సంతోషంలో ఉండగానే వదిన ఫోన్ చేసింది. రక్తంలో సీసం చేరింది. నరాలు దెబ్బతిన్నాయి. చెయ్యి పూర్తిగా వస్తుందో రాదో చెప్పలేనన్నాడు డాక్టరు.

ఆసుపత్రిలో అన్న అడిగిన మొదటి మాట "ఒరిగిందా?"

"ఒరిగింది."

అతని ముఖం విప్పారింది. "అయితే ఇంకోటి కావాలి. ఒక్కదాన్ని చూసి ఎవరూ నమ్మరు. లేవగానే మొదలుపెడతా."

"మళ్లీ ఆ కొలిమి దగ్గరికి వెళ్తావా?"

"నేను కాకపోతే ఎవరు పెంచుతారే?"

ఎంత చెప్పినా వినడని ఆమెకు అర్థమైంది. డైరెక్టర్‌ను నిలదీస్తే "ఫ్యాన్ వస్తుందమ్మా" అన్నాడు. ఆమె తిన్నగా కార్మిక భద్రతా అధికారుల దగ్గరికి వెళ్లింది. వాళ్లు వచ్చి, గోడలమీది దుమ్ము పరీక్షించి, గదికి సీలు వేశారు. డైరెక్టర్ ఫ్యాన్ కొనలేదు. కొలిమినే తీసేయించాడు, దాంతోపాటు అన్న ఉద్యోగాన్నీ. రెండో స్ఫటికం లేక ఆమె ఫలితాన్ని ఎవరూ లెక్కచేయలేదు.

అన్న చెయ్యి కొంత స్వాధీనంలోకి వచ్చింది. వేళ్లు ముడుచుకుంటాయి గానీ మణికట్టు లేవదు. చెల్లెలు వారం వారం వెళ్లి చూసి వస్తోంది.

"మీ చెల్లెలొచ్చింది" అంటుంది వదిన.

"కూర్చోమను" అంటాడు అన్న, కిటికీ వైపు చూస్తూ. నేరుగా మాట్లాడడు.

ఒకసారి ఆమె ఉండబట్టలేకపోయింది. "నువ్వు చచ్చిపోతుంటే చూస్తూ ఊరుకోమంటావా అన్నయ్యా?"

అతను వదినతోనే అన్నాడు. "నన్ను ఒక్క మాట అడగలేదని చెప్పు."

అడిగి ఉంటే ఒప్పుకునేవాడు కాదని ఇద్దరికీ తెలుసు. పై వారం చెల్లెలు మళ్లీ వెళ్లింది.