ఆరో ఏటి టిక్కు

ఏడాది చివరి రోజున ఆ ఇంట్లో కర్టెన్లన్నీ ఉతకాలి. అత్తగారి అత్తగారి కాలం నుంచీ వస్తున్న పద్ధతి. పాత మురికితో కొత్త ఏట్లో అడుగు పెట్టకూడదని ఆవిడ అనేదట. పద్ధతి ఇంటిల్లిపాదిదీ, ఉతికే చేతులు మాత్రం కోడలివి. ఆమె పనికి సెలవు పెట్టి, పొద్దున్నే స్టూలెక్కి, పదకొండు కర్టెన్లకీ కొక్కేలు ఊడదీసి నానబెట్టింది. "సెలవు పెట్టావు, మంచిదైంది. అల్మరాలు కూడా దులిపెయ్" అన్నాడు భర్త, పేపర్లోంచి తలెత్తకుండా.

ఆమె కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులో పన్నెండేళ్లుగా పనిచేస్తోంది. మైనంలో ఒక్కో పన్నూ నిలబెట్టి, పక్క పంటి రంగుతో కలిసేదాకా వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసి, చిగుళ్ల అంచులు నున్నగా చెక్కుతుంది. చుట్టాలొస్తే భర్త "మా ఆవిడది పళ్ల వ్యాపారం" అంటాడు. డజనెంత అని వాళ్లు అందుకుంటారు. పన్నెండేళ్లుగా అదే జోకు. ఆమె కూడా నవ్వుతుంది. నవ్వకపోతే మొహం మాడ్చుకుందంటారు.

కిందటి వారం ల్యాబు యజమానురాలు ఆమెని పిలిచి, వేరే ఊళ్లో నాలుగు నెలల శిక్షణ ఉందనీ, పూర్తిచేసి వస్తే కొత్త విభాగం అప్పజెబుతాననీ, రెండో తారీకుకల్లా ఏ సంగతీ చెప్పమనీ అంది. ఇంటికొచ్చి చెబితే భర్త కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది, మాటకి మాట అనడానికి. "నాలుగు నెలలా? మరి ఇల్లో?" అన్నాడు, ఇల్లు ఆమె ఒంట్లో ఒక అవయవమైనట్టు. అంతటితో ఆ సంగతి అయిపోయింది.

మామగారు రిటైరైన హెడ్మాస్టరు. ప్రతి కొత్త ఏడాదీ ఒకటో తారీకున భోజనాల బల్ల దగ్గర గట్టి అట్ట పుస్తకమొకటి తెరిచి, ఒక్కొక్కరినీ ఆ ఏటి కోరిక అడిగి గుండ్రటి అక్షరాలతో రాస్తారు. ఏడాది చివరి సాయంత్రం, నెరవేరినవాటికి ఎర్రసిరాతో టిక్కు పెడతారు. ఆమె వంతు వచ్చేసరికి ఆమె ఎప్పుడూ పొయ్యి దగ్గరే ఉంటుంది. "కోడలిదో?" అంటారెవరో. "నేను రాసేస్తాలే" అంటారాయన. ఏం రాస్తున్నారని ఆమె అడగలేదు. అన్నేళ్లు పిల్లల మొహాలు చూసి మనసులు కనిపెట్టిన మనిషి, తనదీ కనిపెట్టే ఉంటారని కొత్తలో అనుకునేది.

ఆ రోజు అల్మరా పై అర దులుపుతుంటే ఆ పుస్తకం చేతికొచ్చింది. దులిపే గుడ్డ భుజాన వేసుకుని స్టూలు మీదే కూర్చుంది. భర్తకి స్కూటరు, తర్వాత కారు, తర్వాత ప్రమోషను. అత్తగారికి మోకాళ్ల నొప్పులు తగ్గడం. కూతురికి సైకిలు, లెక్కల్లో మొదటి ర్యాంకు. 'కోడలు' అన్నదానికి ఎదురుగా, ఆమె కాపురానికొచ్చిన పదహారేళ్లూ ఒకటే వాక్యం: అందరూ బాగుండాలి. చదువుతూ ఆరో ఏటి దగ్గరికొచ్చేసరికి ఆమె వేలు ఆగిపోయింది.

ఆ ఏడు చివర్లో, ఎనిమిదో నెల నిండాక, ఆమెకి ఆడపిల్ల పుట్టింది. బిడ్డ ఏడవలేదు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చిన పదో రోజున కర్టెన్లు ఉతకాల్సిన రోజొచ్చింది. పాలు కారి బట్టలు తడిసిపోతుంటే, తువ్వాలు బిగించి కట్టుకుని ఉతికింది. నాలుగేళ్ల కూతురికి అమ్మకి జ్వరమని చెప్పారు. "ఒకతి ఉందిగా, ఇంకొకతిని కంటావులే" అంది అత్తగారు, ఓదార్పుగానే. ఆ సాయంత్రమే మామగారు ఆ వాక్యం పక్కన ఎర్రసిరాతో టిక్కు పెట్టారు. అందరూ బాగున్నారు.

ఆమె పుస్తకాన్ని యథాస్థానంలో పెట్టింది. సాయంత్రం హాల్లో ఆయన ఈ ఏటి టిక్కులు పెడుతుంటే, పక్కగదిలో ఆరిన కర్టెన్లకి కొక్కేలు తగిలించింది.

ఆమెకీ ఒక పద్ధతి ఉంది, ఎవరికీ తెలీనిది. ఒకటో తారీకు ఎవరూ లేవకముందే పెరటి మెట్టు మీద కూర్చుని, పోయిన ఏట్లో తనకి దొరికినదొకటి, పోయినదొకటి పైకి చెప్పుకుంటుంది, తన చెవికి మాత్రమే అందేంత మెల్లగా. ఒకసారి భర్త చూసి, ఎవరితో ఆ మాటలు, పాలు పొంగిపోతున్నాయి చూడమన్నాడు. ఈ ఏడు చాలాసేపు కూర్చుంది. దొరికినదేదీ తట్టలేదు. పోయినది నోటిదాకా వచ్చి ఆగింది.

మధ్యాహ్నం అందరికీ వడ్డించి, తనకీ ఓ కంచం పెట్టుకుని, కుర్చీ లాక్కుని కూర్చుంది. కూర ఇంకొంచెం వెయ్యమని భర్త కంచం ముందుకు జరిపాడు. గిన్నె మీ పక్కనే ఉందంది. మామగారు పుస్తకం తెరిచి మనవరాలితో మొదలుపెట్టారు. కోడలి వంతు వచ్చేసరికి ఆయన పెన్ను దానంతటదే కదిలింది.

"నాది నేను చెప్తాను మామయ్యా."

ఆయన సంతోషంగానే తలెత్తారు. "చెప్పమ్మా."

"ఆరో ఏట్లో నా పేరు దగ్గర టిక్కు పెట్టారు. అది కొట్టేయండి."

ఆయన పేజీలు వెనక్కి తిప్పారు. దొరికాక కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. వరసగా పెట్టుకుంటూ పోయానమ్మా, చూసుకోలేదన్నారు. అది అబద్ధం కాదు. కాకపోవడమే ఆమెకి ఎక్కువ కష్టంగా తోచింది. మంచి రోజు పూట ఇవన్నీ ఎందుకంది అత్తగారు. పదేళ్ల కిందటి సంగతని గొణిగాడు భర్త.

"ఆ ఏడు ఏమైంది?" అంది కూతురు.

వద్దన్నట్టు తల ఊపాడు భర్త, ఆమెకేసి చూసి.

"నీకో చెల్లి పుట్టింది. బతకలేదు. నాకొచ్చింది జ్వరం కాదు."

కూతురు తండ్రిని చూసింది, నాయనమ్మని చూసింది, తాతయ్యని చూసింది. "మీ అందరికీ తెలుసా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా లేచి గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

మామగారు చేతిలో ఉన్న నీలం పెన్నుతోనే టిక్కు మీద గీత గీశారు. ఆ గీత పై వరుసలోకి, కొడుకు కారు మీదికి పాకింది. ఈ ఏటికి ఏం రాయమంటావమ్మా అన్నారు. ఆ ఇంట్లో ఆమెని ఆ మాట అడగడం అదే మొదలు.

"ఏమీ రాయకండి. రేపు ల్యాబులో ఒప్పుకుంటున్నాను. నాలుగు నెలలు ఇక్కడ ఉండను."

భర్త చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. ఎంగిలి కంచాలు తియ్యమని అత్తగారు పిలుస్తూనే ఉంది. ఆమె వెళ్లి కూతురి గది తలుపుకి ఆనుకుని నేల మీద కూర్చుంది. కాసేపటికి లోపల్నుంచి, తలుపుకి బాగా దగ్గరగా, కూతురి గొంతు వినబడింది.

"దాని పేరేంటమ్మా?"

"పెట్టనివ్వలేదు" అంది ఆమె.