కీ.శే. ఫోల్డర్

మా ఆవిడ చిలకమ్మ సంవత్సరీకం గురువారం. కార్డులు సోమవారమే ఊళ్లకు చేరాలి. అవి ఆమె చేతిరాతలోనే ఉండాలి. నాకు వేరే కోరిక లేదు.

ఆమె మంచం పట్టిన మూడు నెలల్లో బావమరిది కూతురు సత్యశ్రీ వచ్చి, అచ్చులూ హల్లులూ గుణింతాలూ ఆమె చేత కాగితాల మీద రాయించింది. వాటితో ఫాంటు తయారుచేసింది. పెందుర్తిలో నాది కార్డులు అచ్చువేసే షాపు. అక్కడి కంప్యూటర్లో 'చిలకమ్మ' అనే ఫోల్డర్‌లో ఆ ఫాంటు పెట్టింది. దాంతో కార్డులు దించే ప్రోగ్రాం పైథాన్ అనే కంప్యూటర్ భాషలో రాసింది. ఆ పిల్ల తండ్రి అర్జునరావు మాత్రం ఆ మూడు నెలల్లో అక్కని చూడడానికి ఒక్కసారీ రాలేదు.

సోమవారం పొద్దున వంద కార్డులు దిగాయి. అన్నిటి మీదా మామూలు అక్షరాలే. సత్యశ్రీని పిలిచాను. కార్డులు ఊళ్లలో పంచుతానని అర్జునరావు కూడా వచ్చి కుర్చీలో కూర్చున్నాడు.

సత్యశ్రీ తెర వైపు వంగింది. "ఫోల్డర్ పేరు మార్సినావేటి మావయ్యా?"

"మార్సాను. పోయిన మనిసి పేరు ముందల కీ.శే. ఎట్టకుండా ఎలాగుంచుతాం?"

ముప్పై ఏళ్లుగా కార్డుల మీద ఆ రెండక్షరాలు వేస్తున్న చేయి. మొన్న ఆ ఫోల్డర్ కంటపడితే దానంతటదే వేసేసింది.

అర్జునరావు నవ్వాడు. "కంప్యూటర్లో కూడా కర్మ సేసీసినావేటి బావా!"

నేను నవ్వలేదు.

"ఫాంటు ఎక్కడుందో దారి రాసిచ్చాను మావయ్యా. పాత పేరుతో ఎతికింది, దొరకలేదు. దొరక్కపోతే ఆగకుండా మామూలు ఫాంటు ఏసీమని నానే రాసాను. తప్పు నాదే."

"ఆ కీ.శే. తీసీమ్మా, ఐపోద్ది" అన్నాడు తండ్రి.

"తియ్యొద్దు" అన్నాను.

"తియ్యను. ఫైలేదో నువ్వు సూపించు మావయ్యా. నాను తెరిచి, తెరిచిన ఫైలే ప్రోగ్రాం సేతికిస్తాను. ఫోల్డర్ పేరు ఏదైతేనేటి?"

మొదటిసారి తెర మీద ఎర్ర అక్షరాలొచ్చాయి. ఫైలు తెరిచింది గానీ, ప్రోగ్రాం చదివేలోపే మూసేసిందట. రెండోసారి చదవడం పూర్తయ్యేదాకా తెరిచే ఉంచింది.

కార్డు దిగింది. క తలకట్టు పక్కకి ఒరిగి ఉంది. మ కింద వత్తు వరస దాటి జారింది. మందుల చీటీ వెనక కూరల పేర్లు రాసినా ఆమె అలాగే రాసేది. సత్యశ్రీ కళ్లు తుడుచుకుంది.

అర్జునరావు కార్డు వెలుతురుకి పట్టి చూశాడు. "అచ్చరాలు కూసింత వంకరగున్నాయి బావా. ఈ ఫాంటు ఎక్కడ్నించి తెచ్చినావు?"

ఇతనికి పలక మీద ఓనమాలు దిద్దించింది చిలకమ్మే. ఇతను బడికెళ్లిన రెండేళ్లూ అక్కడిచ్చిన లెక్కలు ఇంట్లో రాసిపెట్టిందీ ఆమే.

సత్యశ్రీ నోరు తెరవబోయింది. వద్దన్నట్టు చెయ్యి ఎత్తాను. అతని చేతిలోంచి కార్డు తీసుకున్నాను.

"కార్డులు నానే పంచుకుంతాను. నువ్వెల్లు."

"అదేటి బావా, ఏటన్నానిప్పుడు?"

"గురువారం కూడా రావక్కర్లేదు."

అతను కూతురి వైపు చూశాడు. ఆ పిల్ల తల ఎత్తకుండా మిగతా కార్డులు దింపుతూ కూర్చుంది.