తలుపు చప్పుడు

నేను ఒక ఆగిపోయిన బండిని. దారిలో మొరాయించి ఆగడం కాదు, అది ఏ బండికైనా ఉన్నదే. నన్ను పుట్టించిన కంపెనీ ఒకనాడు లాభనష్టాలు చూసుకుని, ఈ రకం కారు ఇక చేయబోమని చెప్పేసింది. అప్పటికి నేను ఏలూరు రోడ్ల మీద హాయిగా తిరుగుతున్నాను. ఆ రోజు నుంచి నన్ను చూసిన ప్రతివాడూ "అయ్యో, ఆ మోడలా!" అనడం మొదలుపెట్టాడు. మనుషులు తమలో ఎవరైనా పోయాక పిండం పెడతారు. నాకు ఇంజను వేడి చల్లారకముందే పెట్టేశారు.

అరవదేశంలో, సముద్రానికి దగ్గరలో ఉన్న ఫ్యాక్టరీలో పుట్టాను. కారు కంటే ఎత్తు, జీపు కంటే పొట్టి. సందుల్లో దూరడానికి చిన్నదాన్ని, పెళ్లివారి గుమ్మం ముందు నిలబడడానికి పెద్దదాన్ని. ఉన్నదానికంటే కాస్త ఎక్కువగా కనబడాలన్న మనుషుల కోరికకు నాలుగు చక్రాలు బిగిస్తే నేను.

మొదట నన్ను కొన్నది ఒక పళ్ల డాక్టరు. నా మీద దుమ్ము పడనిచ్చేవాడు కాదు, గుడ్డ కప్పి దాచుకునేవాడు. నా మోడల్ ఆగిపోయిందని పేపర్లో చదివాడు, అంతే, అమ్మకానికి పెట్టాడు. "ఆగిపోయిన బండిలోంచి దిగితే పేషెంట్లు ఏమనుకుంటారే?" అని భార్యతో అన్నాడు. నాకు ఒక్క పన్నయినా కదల్లేదు పాపం.

అప్పుడు వచ్చాడు కోటిలింగం. బెజవాడ శివారు కాలనీలో షామియానాలు, వంటపాత్రలు అద్దెకిచ్చే మనిషి. వెంట భార్య సీతారత్నం, తమ్ముడు భుజంగరావు ఉన్నారు. అన్నదమ్ములది ఉమ్మడి వ్యాపారం.

భుజంగరావు నా చుట్టూ తిరిగి పెదవి విరిచాడు. "కంపెనీవాడే వద్దనుకున్న బండి మనకెందుకన్నయ్యా? రేపు అద్దం పగిలితే ఎక్కడ దొరుకుద్ది?"

"ఆగింది కంపెనీరా, బండి కాదు" అన్నాడు కోటిలింగం.

అతను నన్ను చూసిన తీరు నాకు నచ్చింది. టైరు అరుగుదల వేలితో తడిమి చూశాడు. నూనె మూత తీసి వాసన చూశాడు. ఎత్తురోడ్డు మీదకి ఎక్కించి, కిందికి దించి, చెవి నా ముందు భాగానికి ఆనించి విన్నాడు. సీతారత్నం పరీక్ష వేరు. వెనక తలుపు ఎత్తించి, "పెద్ద గంగాళం పడుద్దా?" అని అడిగింది. తర్వాత వెనక సీట్లో కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుంది. "మోకాళ్లు పట్టెయ్యట్లేదయ్యా. తీసుకో" అంది.

చివరికి కోటిలింగం నా ముందు తలుపు తెరిచి వేశాడు. ధడ్ మని బరువుగా మూసుకుంది.

"విన్నావా రత్నం? ఇప్పటి బండ్ల తలుపులు బిస్కెట్ డబ్బా మూతలు. ఇది ఇనప్పెట్టె. ఒకసారి పడితే మనల్ని ఎవడూ ఏమీ చెయ్యలేడు."

మళ్లీ ఒకసారి వేశాడు, ఆ చప్పుడు కోసమే.

నా వెనక అద్దం మీద పసుపు అక్షరాలతో 'రత్నం' అని రాయించాడు. అది మొదలు ప్రతి పొద్దునా ఒకటే తంతు. తాళం తిప్పేముందు "రత్నం, ఎదురు రా!" అని కేకేసేవాడు. ఆమె పొయ్యి మీద పాలున్నా సరే, నీళ్ల చెంబుతో గేటు వైపు నుంచి నవ్వుతూ నా ఎదురుగా నడిచి వచ్చేది. "రోజూ ఏం ఎదురు, నాకు వేరే పనేం లేదా?" అని విసుక్కునేది. విసుక్కుంటూనే నుదుటి బొట్టు సరిచేసుకునేది. ఆమె ఎదురు రాని రోజు పెళ్లివారు సామాను తిరగ్గొట్టారనీ, వచ్చిన రోజు కలిసొచ్చిందనీ కోటిలింగం ఊరంతా చెప్పేవాడు. భుజంగరావు కూడా "వదినా, ఇవాళ పెద్ద బేరం, కాస్త ఎదురు రా" అని బతిమాలేవాడు. ఒక ఆడమనిషి ముఖాన్ని పెట్రోలుతో పాటు బండిలో పోసుకోవడం మనుషులకే తెలిసిన విద్య.

ఆ తర్వాత ఒక వానాకాలం కాలనీ వెనక వాగుకు గండి పడింది.

వాళ్ల మేడ కింద సెల్లార్ ఉంది. అందులో షామియానాల మూటలు, కుర్చీలు, నేను. వీధిలో నీళ్లు పాదాల లోతుకు రాగానే కోటిలింగం కిందికి పరిగెత్తాడు. పై నుంచి భుజంగరావు "అన్నయ్యా, ముందు బండి! బండి తీసెయ్!" అని అరుస్తున్నాడు. సీతారత్నం గోనెపట్టా నెత్తిన వేసుకుని సెల్లార్‌లోకి దిగే వాలుదారి పైన నిలబడింది. అంత వానలోనూ, అంత కంగారులోనూ కోటిలింగం అద్దం దించి కేకేశాడు:

"రత్నం, ఎదురు రా!"

ఆమె వచ్చింది. నుదుట బొట్టు వానకు కారుతోంది, అయినా వచ్చింది. నేను వాలుదారి సగం ఎక్కాను. అప్పుడే వీధిలోంచి నీళ్లు గోడలా విరుచుకుపడి నన్ను వెనక్కి, కిందికి నెట్టేశాయి. ఎవరో ఆమెను జుట్టు పట్టుకుని పైకి లాగారు. కోటిలింగం నీళ్లు లోపలికి రాకుండా అద్దం పైకి ఎక్కించుకున్నాడు. తర్వాత దించబోతే దిగలేదు, తీగలు తడిసిపోయాయి. లోపలి నుంచి భుజం పెట్టి తలుపు తోశాడు. బయట నుంచి వాగు తోసింది.

అతను మెచ్చుకున్న తలుపు అది. మాట నిలబెట్టుకుంది. గట్టిగా ఉంది.

మనుషులు కర్మలు మనిషికీ చేస్తారు, బండికీ చేస్తారు. పదో రోజున సీతారత్నం బొట్టు తుడిచి గాజులు తీశారు. నెల తిరిగాక నన్ను బయటికి లాగి ఎండబెట్టారు. మెకానిక్‌లు నా తీగలు ఆరబెట్టారు, సీట్లకు కొత్త గుడ్డ వేశారు, అత్తరు వాసన వచ్చే మందు కొట్టారు. వెనక అద్దం మీది పేరును భుజంగరావు బ్లేడుతో గీకించాడు. లోపలి భాగం కడగడానికి సీతారత్నం ఎవరినీ రానివ్వలేదు, తనే కడిగింది. డ్రైవరు సీటు బెల్టును చివరంటా లాగింది. ఎప్పుడూ లోపల చుట్టుకునే ఉండే ఆ కొస మీద వాగు బురద అట్టకట్టి ఉంది. దాన్ని చాలాసేపు చూసింది. తుడవకుండా వదిలేసింది.

నాలో లోపల ఏం మిగిలిందో ఆమెకు తెలుసు. ఒక ముసురు పట్టిన సాయంత్రం నన్ను ఎవరూ ముట్టుకోకుండానే నా తాళాలు టక్కున పడ్డాయి. మెకానిక్ వచ్చి చూసి, చెమ్మ తగిలితే ఇంతేనన్నాడు. భుజంగరావు "అయితే కొనేవాళ్లకు ఎండ కాసినప్పుడే చూపిద్దాం" అన్నాడు.

నన్ను చూడడానికి మొదట వచ్చింది గుడివాడలో మందుల షాపున్న చక్రధర్. తల్లి వరహాలమ్మ, చంకలో పసివాడితో భార్య వెంట వచ్చారు. భుజంగరావు ముందుగానే మేడ మీదికి కేకేశాడు: "వదినా, పార్టీ వస్తోంది. నువ్వు కాసేపు కిందికి రాకు. మంచీచెడూ చూసుకునేవాళ్లు." నిన్నటిదాకా ఎదురు రమ్మని బతిమాలిన నోరే అది.

చక్రధర్ ఫోనులో వీడియోలు చూసి నేర్చుకున్న పండితుడు. టైర్లను కాలితో తన్నాడు. బానెట్ ఎత్తి చాలాసేపు తల ఊపాడు. ఆగిపోయిన మోడల్ కాబట్టి సామాను దొరకదని పదేపదే అన్నాడు. అది భయం కాదు, బేరం. వరహాలమ్మ నా నంబరులోని అంకెలన్నీ వేళ్ల మీద కూడి, "ఆరొచ్చింది, మావాడికి పడుద్ది" అంది. నేను ఏ దిక్కుకు నిలబడ్డానో చూసింది. రంగు పిల్లాడి నక్షత్రానికి సరిపోతుందో లేదో ఎవరికో ఫోను చేసి అడిగింది. సీటు కింద చెయ్యి పెట్టి చూసినవాళ్లు లేరు. బెల్టు లాగినవాళ్లు లేరు. భార్యను, పసివాణ్ని లోపల కూర్చోబెట్టి చక్రధర్ తలుపు వేశాడు.

ధడ్.

"అమ్మా, విన్నావా చప్పుడు? లాకరే! ఇలాంటి తలుపులు ఇప్పుడు రావట్లేదు!" అని, మళ్లీ తెరిచి మళ్లీ వేశాడు.

పైన తలుపు వెనక నిలబడ్డ సీతారత్నం మెట్లు దిగి వచ్చింది.

"ఆ తలుపు మళ్లీ వెయ్యకు నాయనా" అంది.

భుజంగరావు ముఖం మాడిపోయింది. "వదినా, నువ్వు లోపలికెళ్లు. బేరం నడుస్తోంది."

"నడవనీ. ఒకటి చూపించి పోతా."

ఆమె ముందు తలుపు తెరిచి, బెల్టు పట్టుకుని, బావిలోంచి చేద లాగినట్టు చివరంటా లాగింది. బురద కనబడింది. "ఇది వరదలో మునిగిన బండి. ఎండలో బాగానే ఉంటది. చెమ్మ తగిలిందా, తాళాలు వాటంతటవే పడతాయి. అద్దాలు దిగవు. చంటిబిడ్డ ఉన్నాడు మీకు."

చక్రధర్ వంగి బురదను గోటితో గీరాడు, వాసన చూశాడు. అతను భయపడతాడనుకున్నాను. అతని ముఖం వెలిగింది.

"వరద బండని ముందే చెప్పొద్దా భుజంగరావుగారూ? అయితే రేటు అలా ఉండదు మరి!"

"చెబుదామనే ఉన్నానండీ. రేటుదేముంది, మాట్లాడుకుందాం" అన్నాడు భుజంగరావు తేరుకుని.

"నాయనా, నేను చెప్పేది రేటు గురించి కాదు" అంది సీతారత్నం. "లోపల మనిషి ఇరుక్కుంటే..."

"వానలో బయటికి తియ్యంలెండి పిన్నిగారూ. మాకు తెలిసిన మెకానిక్ ఉన్నాడు, చూసుకుంటాం."

ఇంతసేపూ వరహాలమ్మ బురద వైపు చూడలేదు. సీతారత్నం నుదుటి వైపే చూస్తోంది. "ఏవమ్మా, మీ ఆయనేం చేస్తారు?" అని అడిగింది.

"పోయారండి. ఈ సీట్లోనే."

"ఓరి నా తండ్రో!" వరహాలమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. "మొగుణ్ని మింగిన బండి, పైగా ముండమోసినావిడ ఎదురొచ్చింది! దిగవే, పిల్లాణ్ని తీసుకుని దిగు ముందు!"

"అమ్మా, తగ్గిస్తామంటున్నారే..."

"ఊరికే ఇచ్చినా నాకొద్దు. నడువు!"

వీధి కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుని మరీ వెళ్లారు.

నిజం చెబితే రేటు తగ్గింది. ముఖం చూపిస్తే బేరం తప్పింది. సీతారత్నం చేతిలోంచి బెల్టు జారి, బురదతో సహా లోపలికి చుట్టుకుపోయింది. ఆమె అక్కడే నిలబడి, వాళ్లు తడిపి వెళ్లిన నేలను చూస్తూ ఉండిపోయింది. ఏడవలేదు. లెక్క తేలినట్టు తల ఊపి మెట్లెక్కింది.

ఆ తర్వాత వచ్చినవాళ్లకు ఆమె ఏమీ చెప్పలేదు. బెల్టు లాగలేదు. ఎవరో ఒకరు నా తాళం తిప్పబోయే సమయానికి గేటు వైపు నుంచి నిదానంగా, ఒకప్పటిలాగే, నా ఎదురుగా నడిచి వచ్చేది. అంతే. పేరూ ఊరూ అడిగి, విషయం తెలుసుకుని, వచ్చినవాళ్లు చెప్పులు దులుపుకుని పోయేవారు. చదువుకున్నవాళ్లూ పోయారు. "మాకు ఇలాంటి పట్టింపులు లేవండీ" అని నవ్విన ఒక లెక్చరరు, రేపు ఫోను చేస్తానని పోయాడు. ఒక మనిషిని కించపరచడానికి వాళ్లు చేసిపెట్టుకున్న కత్తిని ఆమె పిడి వైపు పట్టుకుంది. పిడికి కూడా పదునుంటుందని నాకు అప్పుడే తెలిసింది. బేరం తప్పిన ప్రతిసారీ ఆమె వంగినట్టు కనబడేది.

భుజంగరావు ఊరుకోలేదు. మేడ వెనక ఇనుప మెట్లు వేయించి, "వదినా, ఇక నుంచి నీ దారి అటు" అన్నాడు. పొద్దున్నే ఆ ముఖం కనబడితే వ్యాపారం నడవడం లేదన్నాడు. తోడికోడలు మాట మానేసింది. షామియానా గదిలోకి ఆమెను రానివ్వలేదు. ఆమె మాత్రం నన్ను చూసేందుకు ఎవరైనా వచ్చినప్పుడల్లా ఆ వెనక మెట్లు దిగి, వీధంతా చుట్టి, ముందు గేటుకే వచ్చేది.

చివరికి నన్ను పాత ఇనుము కొనేవాడికి తూకానికి ఇచ్చేశారు. ఇనుముకు శకునం లేదు.

నన్ను లాక్కెళ్లే లారీ వచ్చిన పొద్దున వీధిలో ఎవరూ బయటికి రాలేదు. సీతారత్నం నీళ్ల చెంబుతో ఎదురొచ్చింది.

"జరగమ్మా, బండి తియ్యాలి" అన్నాడు లారీ డ్రైవరు.

"ఎదురొచ్చాను బాబూ. అడిగేవాళ్లు లేకపోయినా అలవాటు." నా ముందు తలుపు సగం తెరుచుకుని ఉంది. ఆమె రెండు చేతులతో పట్టుకుని, నిద్రపోయే బిడ్డ గదిలో వేసినట్టు, చప్పుడు కాకుండా మూసింది. వెనక అద్దం మీద, గీకేసిన చోట, ఆమె పేరు ఇంకా మరకలా ఉంది. దాన్ని చూడకుండానే పక్కకు తప్పుకుంది.

ఇప్పుడు నేను ఆటోనగర్‌లో పాత బండ్ల గుట్ట మీద ఉన్నాను. ఇంజను ఒకడు పట్టుకుపోయాడు, చక్రాలు ఒకడు. మోడల్ ఆగిపోవడం వల్లే ఇక్కడ నాకు గిరాకీ వచ్చింది. నా రకం బండ్లు ఇంకా కొన్ని రోడ్ల మీద ఉన్నాయట, వాటికి సామాను దొరకడం లేదట. బతికినన్నాళ్లూ నాకు లేని విలువ ముక్కలైన తర్వాత పలికింది.

నిన్న ఒకడు నా ముందు తలుపు కోసం వచ్చాడు. తాళంతో సహా, తీగలతో సహా విప్పించుకున్నాడు. విప్పే ముందు ఒకసారి తెరిచి వేశాడు.

ధడ్.

"ఇనప్పెట్టెరా!" అని వెంట ఉన్నవాడి భుజం తట్టాడు.

ఆ తలుపు ఇప్పుడు ఏ ఊళ్లో, ఎవరి పక్కన మూసుకుంటోందో నాకు తెలియదు. అక్కడ ఎదురు రావడానికి ఎవరున్నారు?