నడిమి చార మీద ఇటుక

నేను ఒక రేకు ముక్కను. మూరెడు పొడవు, జానెడు వెడల్పు. కత్తిరించినవాడికి తొందరెక్కువ కాబట్టి ఒక అంచు కాస్త వంకర. ఇదేం ఆత్మకథ చెప్పుకునే మొహం అనుకుంటే అనుకోండి. ఒక మనిషి పరువంతా ఒక పూట నా మీద ఆధారపడింది. ఆ పూట నోరు లేక నేను పడ్డ నరకం ఎవరికో ఒకరికి చెప్పుకుంటే తప్ప నా కడుపు చల్లబడదు.

మొదట్లో నేను ముక్కను కాను. పశువుల డాక్టరు సోమలింగం గారి అంబాసిడరు కారుకి ఎడమవైపు ముందు మడ్‌గార్డులో భాగాన్ని. కాకినాడ చుట్టుపట్ల ఎక్కడ గేదె ఈనలేక అవస్థ పడుతున్నా మేం హాజరు. ఇరవై ఎనిమిదేళ్ళలో నా మీద పడని బురద లేదు, పేడ లేదు. అవి కడిగితే పోయేవి. ఉప్పాడ రోడ్డు మీద సముద్రం చల్లే ఉప్పు మాత్రం పోయేది కాదు. డాక్టరు గారు రిటైరయ్యారు, గేదెలు ఇంకో డాక్టరుకి అలవాటు పడ్డాయి, ఆయన మాత్రం కారుని వదల్లేదు.

ఒకసారి ఆయన కారుకి కొత్త రంగు వేయించారు. వేసినవాడు ఆటోనగర్లో షెడ్డు పెట్టుకున్న సత్తిరాజు. కారు రంగంటే మీ కంటికి ఆనేది నీలమో ఎరుపో, అంతే. దాని మీద నీళ్ళలాంటి పొర ఇంకొకటి ఉంటుంది, దాన్ని క్లియర్ కోట్ అంటారు. మెరుపు దానిదే, ఎండకీ వానకీ అడ్డం నిలబడేదీ అదే. మెచ్చుకోలు మాత్రం నీలానికి. మనుషుల చూపు ఎప్పుడూ అంతే లెండి. ఆసారి సత్తిరాజు, పొర గట్టిపడడానికి పోసే హార్డెనర్ కలపక్కర్లేని నాసిరకం క్లియర్ కొట్టేశాడు. మంచిది ఆ వారం షాపులో లేదు. ఆగండని డాక్టరు గారితో అనడానికి నోరు రాలేదు. ఏడాది తిరక్కుండానే ఆ పొర తెల్లబడి పాము కుబుసంలా ఊడొచ్చింది. ఇదేమిటని అడిగితే, "సముద్రం గాలండి, ఏం చేస్తాం" అన్నాడు. డాక్టరు గారు కారుని అలాగే ఊరంతా తిప్పారు. ఎవరు వేశారని అడిగినవాళ్ళకి పేరు చెప్పారు. ఆ తర్వాత సత్తిరాజు షెడ్డుకి సొట్టలూ గీతలే తప్ప పూర్తి కారు ఒక్కటి రాలేదు.

రెండేళ్ళు గడిచాక ఒక ఏప్రిల్లో ఆయనే కారు తెచ్చి షెడ్డులో పెట్టి తాళాలు సత్తిరాజు చేతిలో వేశారు.

"చెడగొట్టినవాడివి నువ్వే, బాగుచెయ్యాల్సినవాడివీ నువ్వే. మళ్ళీ ఊడిందనుకో, తెచ్చి నీ షెడ్డు ముందే నిలబెడతాను. వచ్చేపోయేవాళ్ళు చూస్తారు."

ఆయన ఈ మాటలు నవ్వుతూ అనలేదు. ఇది కూడా చెడితే ఇక షెడ్డు తలుపు తియ్యనక్కర్లేదని సత్తిరాజుకి తెలుసు, నాకూ తెలుసు.

మడ్‌గార్డు అడుగు తుప్పు పట్టిందని కోసి కొత్త రేకు అతికించాడు. కోసినదాంట్లో బాగున్న ముక్కను నేను. నన్ను తోమి, కారుకి వెయ్యబోయే నీలమే వేసి, దాని మీద మూడు రకాల క్లియర్ మూడు చారలుగా కొట్టి, కింద మేకుతో నంబర్లు గీశాడు. ఒకటి, పాత నాసిరకం. రెండు, హార్డెనర్ కలిపేదే, కానీ చిటికెలో ఆరిపోతుంది, దుమ్ము పట్టే భయం లేదు. మూడు, చిక్కటిది, ఆరడానికి తెల్లారిపోతుంది, కొట్టడం కష్టం. నన్ను తీసుకెళ్ళి పెళ్ళాం నూకరత్నం చేతిలో పెట్టాడు.

"మండలం రోజులు డాబా మీద ఎండలో పెట్టే. మధ్యలో నాకు చూపించకు. చూశానంటే మనసు ఏదో ఒకదాని మీదకి పోద్ది. నలభై రోజులయ్యాక అదే చెప్పుద్ది, ఏది కొట్టాలో."

నూకరత్నం మాట తప్పే మనిషి కాదు. పొద్దున్నే నన్ను ఎండలో పెట్టేది, చీకటి పడ్డాక తీసేది. అయితే అవి గుమ్మడి వడియాలు పెట్టుకునే రోజులు. సముద్రం మీంచి వచ్చే గాలికి వడియాల బట్ట ఎగిరిపోతోంది. ఎలాగూ ఎండలోనే ఉండాలి కదా అని నన్ను బట్ట అంచు మీద పెట్టి, నేనూ ఎగిరిపోకుండా సరిగ్గా నడిమి చార మీద అడ్డంగా ఒక ఇటుక పెట్టింది. పెయింటరు పెళ్ళాం కదా, గీతలు పడకూడదని ఇటుక కింద పాత లుంగీ నాలుగు మడతలు వేసింది కూడా. నలభై రోజులూ ఒకటో చారా మూడో చారా నడివేసవి ఎండలో వేగిపోయాయి. రెండోది లుంగీ కింద హాయిగా నిద్రపోయింది. ఇటుక చాలని చోట రెండు వేళ్ళ వెడల్పున ఒక అంచు మాత్రం ఎండకి దొరికింది. ఆ అంచు తెల్లబడి, సన్నగా బీటలిచ్చింది. రెండో నంబరు అసలు మొహం అది.

నలభై ఒకటో రోజున సత్తిరాజు నన్ను చేతిలోకి తీసుకున్నాడు. ఒకటో నంబరు పచ్చబడిపోయింది. మూడోది నిలబడింది గానీ మెరుపు ఒక పిసరు తగ్గింది. రెండోది నిన్న కొట్టినట్టుంది. వాడి మొహం వెలిగిపోయింది. ఇటుక సంగతి చెప్పడానికి నాకు నోరు లేదు.

జూన్ మొదటి వారం, మధ్యాహ్నం. కారు మీద నీలం ఆరింది. తూర్పున మబ్బు కమ్ముతోంది. నీలం మీద క్లియర్ ఆ పూటే పడాలి. డాక్టరు గారు వచ్చి నన్ను చేతిలో పట్టుకుని తిప్పి తిప్పి చూశారు. గేదె పొట్ట తడిమినట్టు వేలితో తడిమారు.

"ఈ అంచు గరగరలాడుతోందేం?"

"పక్కనున్న ఒకటో నంబరు కాస్త కలిసుంటదండి. మిగతాది చూడండి, అద్దంలా లేదూ?"

ఇంకొక్కసారి అడగండి డాక్టరు గారూ అని మొత్తుకున్నాను. ఆయన నన్ను గోడ మేకుకి తగిలించి, షెడ్డు అవతల స్టూలు మీద పేపరు పట్టుకుని కూర్చున్నారు. సత్తిరాజు రెండో నంబరు డబ్బా తెరిచి హార్డెనర్ పోసి కలిపాడు. కలిపాక గంటే గడువు, ఆపైన కప్పులోనే బిగుసుకుపోతుంది.

అప్పుడు నూకరత్నం అన్నం కారియర్ పట్టుకుని వచ్చింది. గోడ మీద నన్ను చూసి నవ్వింది.

"ఏది గెలిచింది మావా?"

"రెండోదే. చూడు ఎలా ఉందో."

ఆమె చూసింది. నవ్వు ఆగిపోయింది. కారియర్ కింద పెట్టి నా దగ్గరికొచ్చి, ఇటుక ఉన్నంత మేరా చేత్తో కొలిచింది.

"మావా, ఒక మాట. దీనిమీద ఇటుక పెట్టాను."

"ఏ ఇటుక?"

"వడియాల బట్ట ఎగిరిపోతుంటే. మధ్యలో. నలభై రోజులూ. రెండోది ఎండ చూళ్ళేదు మావా. ఆ అంచు ఒక్కటే చూసింది."

సత్తిరాజు నన్ను మేకు మీంచి తీసి అంచు మీద వేలు పెట్టాడు. వాడికి అర్థమైంది. బయట స్టూలు వైపు చూశాడు. డాక్టరు గారు పేపరు పేజీ తిప్పుతున్నారు, ఏమీ విన్నట్టు లేదు. కప్పులో క్లియర్ చిక్కబడుతోంది. ఉరుము వినిపించింది. ఇప్పుడు రెండోది కొట్టేస్తే సాయంత్రానికి కారు అద్దంలా ఉంటుంది, డాక్టరు గారు సంతోషంగా తీసుకెళతారు, ఊడేది వచ్చే ఏడు కదా. సముద్రం గాలి ఎలాగూ ఉంది, దాని మీద తోసెయ్యవచ్చు. ఈ లెక్కంతా వాడి కళ్ళలో నాకు కనపడింది. రంగు చిమ్మే గన్‌లో క్లియర్ పోశాడు. కారు దగ్గరికి నడిచాడు. గన్ ఎత్తాడు.

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. నూకరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. చివరికి వాడు గన్ కింద పెట్టి, నన్ను పట్టుకుని బయటికి నడిచాడు.

"డాక్టరు గారండీ, తప్పయిపోయిందండి." ఇటుక సంగతంతా చెప్పాడు. చెప్పి ఆగలేదు. "పోయినసారి కూడా సముద్రం గాలి కాదండి. నాసిరకం కొట్టాను. తెలిసే కొట్టాను."

డాక్టరు గారు పేపరు మడిచారు.

"తెలుసులే. నా వైద్యమంతా నోరులేనివాటికేనయ్యా, చూసి తెలుసుకోవడం అలవాటు. నోరున్న నువ్వు రెండేళ్ళు పట్టించావు చెప్పడానికి." నన్ను తీసుకుని మూడో చార మీద బొటనవేలు రాశారు. "ఇది ఎండ తిన్నదేనా?"

"నలభై రోజులూ తిందండి" అంది నూకరత్నం లోపల్నుంచి.

"అయితే ఇదే కొట్టు."

మూడో నంబరు షెడ్డులో చాలినంత లేదు. సత్తిరాజు నోరు తెరిచేలోపే నూకరత్నం రోడ్డెక్కి ఆటో ఆపింది. ఆమె డబ్బా తెచ్చేదాకా డాక్టరు గారు పంచె ఎగ్గట్టి, గాలి దూరే సందుల్లో తడి గోనెపట్టాలు కుక్కారు. చినుకులు రేకుల కప్పు మీద టపటపలాడుతుండగా సత్తిరాజు మొదటి పొర కొట్టాడు. ఆరడానికి మర్నాడయింది. రెండో నంబరు గన్‌లోనే బిగుసుకుపోయింది. ఆ గన్ ఇక పనికిరాలేదు. వాడు దాన్ని పారెయ్యకుండా నా పక్కనే ఇంకో మేకుకి తగిలించాడు.

కారు వెళ్ళిపోయింది. ఎండాకాలం వచ్చింది, పోయింది. ఇంకొకటి వచ్చింది. ఆ ఎండాకాలంలో నూకరత్నం వడియాలకి బరువు కావాలని వచ్చి నన్ను చూసి, ఏమనుకుందో, బయటున్న పాత చక్రం డిస్కు పట్టుకెళ్ళింది. డాక్టరు గారి కబురు లేదు. సత్తిరాజు మాత్రం రోడ్డు మీద అంబాసిడరు చప్పుడు వినపడితే చాలు, చేతిలో పని ఆపేసేవాడు.

ఒక ఆదివారం పొద్దున ఆ చప్పుడు షెడ్డు ముందే ఆగింది. సత్తిరాజు బయటికి రాలేక తలుపు వెనకే నిలబడ్డాడు. డాక్టరు గారు దిగారు. కారు తలుపు వేసి, తాళం వేసి, తాళాలు జేబులో వేసుకున్నారు.

"అన్నాను కదా, నీ షెడ్డు ముందే నిలబెడతానని. సాయంత్రం వచ్చి తీసుకెళతాను. వచ్చేపోయేవాళ్ళు చూస్తారు" అని నడుచుకుంటూ వెళ్ళిపోయారు.

తెరిచిన షెడ్డు తలుపులోంచి నాకు ఎడమ మడ్‌గార్డు కనిపిస్తోంది. క్లియర్ ఒక్క పెచ్చు ఊడలేదు. నన్ను కోసేసిన చోట అతుకు ఎక్కడుందో నేనే పోల్చుకోలేకపోయాను. దారినపోయే ఒకాయన ఆగి, నీలం భలే ఉందే అన్నాడు. ఆ మెరుపు క్లియర్‌దని సత్తిరాజు సరిదిద్దలేదు, తలుపు వెనక గోడకి ఆనుకుని కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఆ కారు ఇప్పటికీ ప్రతి ఆదివారం వస్తుంది.