నూట పన్నెండో మూట

ఆ పూటకు పన్నెండో మూట ముడి విప్పుతూ మూటల సారు గట్టిగా తుమ్మాడు. ప్రతి గురువారం ఒక అరలోని మూటలన్నీ దించి, విప్పి, దుమ్ము దులిపి, చిట్టాతో సరిచూసి మళ్లీ కట్టడం ఆయన పని. ఖైదీ జైల్లోకి వచ్చేరోజు ఒంటిమీద ఉన్న సొంత వస్తువులన్నీ ఒక గుడ్డలో చుట్టి, నంబరు బిళ్ల తగిలించి ఈ గదిలో పెడతారు. వెళ్లేరోజు ఇచ్చేస్తారు. మధ్యలో ఎన్నేళ్లయినా వాటి మంచీచెడూ చూసుకునేది ఆయనే. ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు జీతాల కాగితం మీద తప్ప ఎవరి నోటా వినబడేది కాదు.

ముప్ఫై ఒక్క ఏళ్లుగా ఇదే గది. కిటికీ లేదు, గోడపైన జానెడు వెంటిలేటరు ఉంది. పదోన్నతి రెండుసార్లు గుమ్మందాకా వచ్చి వెనక్కి వెళ్లిపోయింది, ఆయనా పెద్దగా పిలవలేదు. ఆయన గొప్పగా చెప్పుకునేది ఒక్కటే, ఆయన వేసే ముడి. రెండు చుట్లు, ఒక దూరుడు, చివర పైకి నిలబడే చిన్న చెవి. ఆ చెవి పట్టుకుని లాగితే మూట ఒక్క చేత్తో విచ్చుకుంటుంది. ఇన్నేళ్ల తర్వాత బయటికి పోయేవాడు ముడితో కుస్తీ పట్టకూడదని ఆయన పట్టుదల.

చెడ్డ అలవాటు కూడా ఒకటుంది, ఆరా. పక్కింట్లో గిన్నె కిందపడితే ఈయన చెవి ముందు పరిగెడుతుందని భార్య ఎగతాళి చేస్తుంది. చెప్పు ఏ వైపు అరిగిందో, జేబులో బస్సు టిక్కెట్టు ఎక్కడిదో చూసి, మనిషి ఎలాంటివాడో ఊహించుకుంటూ ఉంటాడు. అడగడం మాత్రం అడగడు. కడుపు ఉబ్బిపోయినా సరే అడగడు. ఆ సంగతులన్నీ అన్నం తినేటప్పుడు భార్యకు చెప్పేస్తాడు, ఆవిడ సగం విని ఊకొడుతుంది.

ఆ గురువారం ఆయన చేతులు పనిమీద ఉన్నాయిగానీ మనసు నూట పన్నెండో మూట మీద ఉంది. అది తాపీమేస్త్రీది. నలభై అయిదేళ్ల వయసులో లోపలికొచ్చిన మేస్త్రీకి ఇప్పుడు అరవై ఏడు. బతికున్నంతకాలం జైలే అని శిక్ష. తనతోపాటు ఇరవై ఏళ్లు పనిచేసిన జోడీని, ఒక గోడ వంకరగా వచ్చిందన్న పోట్లాటలో, చేతిలోని సుత్తితో ఒక్క దెబ్బ వేశాడు. ఆ దెబ్బకే మనిషి పోయాడు. ఆ తర్వాత ఇరవై రెండేళ్లలో మేస్త్రీ ఎవరిమీదా చెయ్యెత్తలేదు, గొంతెత్తలేదు. నూట నలభై మందికి తాపీ పని నేర్పాడు. జైలు ఆసుపత్రి గోడలు వాళ్లు కట్టినవే. ఈ గదిలో చెమ్మ ఊరుతుంటే బాగుచేసింది కూడా మేస్త్రీయే. అప్పటినుంచి ఇద్దరికీ మాట కలిసింది. అనుభవించిన కాలానికే శిక్ష తగ్గించి వదలమని అర్జీ రాయడానికి ఎవరూ లేకపోతే, దస్తూరి బావుంటుందని మూటల సారుకే అప్పగించారు.

అర్జీ రెండుసార్లు వెనక్కి వచ్చింది. ‘మృతుడి కుటుంబం అభిప్రాయం’ అన్న గడి ఖాళీగా ఉండడమే కారణం. జోడీ భార్య ఏ ఉత్తరానికీ జవాబివ్వలేదు.

"రేపు పొద్దున తొమ్మిదికి ఫైలు వెళ్లాలయ్యా," అన్నాడు సూపరింటెండెంటు, గుమ్మంలో నిలబడి. "గడి ఖాళీగా పోయిందంటే మళ్లీ మూడేళ్ల దాకా అడగలేం. మేస్త్రీ దగ్గు చూస్తే మూడేళ్లు..." మాట మింగేసి వెళ్లిపోయాడు.

మూటల సారు నూట పన్నెండు దించి విప్పాడు. గళ్ల చొక్కా, ప్యాంటు, ఆగిపోయిన గడియారం, తాను ఏటా నూనె రాసే తోలుచెప్పులు, వాటిమీద మూరెడు రసమట్టం. ఇటుకల వరస సమంగా ఉందో లేదో చూసుకోవడానికి మేస్త్రీలు గోడమీద పెట్టే చెక్క పనిముట్టు అది. నడుమ గాజుగొట్టంలో పచ్చటి ద్రవం, అందులో గింజంత గాలిబుడగ. బుడగ రెండు గీతల మధ్య నిలిస్తే వరస తిన్నగా ఉన్నట్టు, పక్కకు పోతే ఆ పక్క ఎత్తుగా ఉన్నట్టు. చెక్కకు ఒక కొసన తగిలించుకునే బెజ్జం ఉంది.

కిందటి వారం చిట్టా చదివి వినిపిస్తుంటే మేస్త్రీ మెల్లగా అన్నాడు, "రసమట్టం నాది కాదండి. వాడిది, నా జోడీది. ఆ రోజు నా చేతిలో ఉండిపోయింది." ఇరవై రెండేళ్లుగా చిట్టాలో తప్పు రాసి ఉందని తెలిసి మూటల సారుకు నిద్రపట్టలేదు. ఎవరి వస్తువు వాళ్లకు చేరాలి. చిట్టా సంగతి అటుంచితే, ఇన్నాళ్లూ తనకు తట్టకపోవడం ఆయన్ను ఇంకా బాధపెట్టింది.

అప్పుడే వెంటిలేటరులోంచి మేస్త్రీ గొంతు వినిపించింది. వెనక పెరట్లో కొత్తవాళ్లకు మొదటి పాఠం చెబుతున్నాడు. మూటల సారు చటుక్కున స్టూలెక్కి తొంగిచూశాడు.

"మట్టాన్ని నమ్మకండి. ఒకసారి ఇలా పెట్టండి. తర్వాత కొసలు మార్చి, తిప్పి పెట్టండి. రెండుసార్లూ బుడగ ఒకే వైపు పోతే గోడది తప్పు. బుడగ కూడా వైపు మార్చిందంటే మట్టానిదే తప్పు. తిప్పి చూసుకోకుండా ఎవడితోనూ పోట్లాడకండి."

చివరి మాట మూటల సారు చెవిలో ఆగిపోయింది. స్టూలు దిగి, రసమట్టాన్ని బల్లమీద పెట్టాడు. బుడగ ఎడమకు జరిగింది. కొసలు మార్చి పెట్టాడు. బుడగ కుడికి జరిగింది. అరమీద పెట్టాడు, గడపమీద పెట్టాడు, ఆఖరికి నేలమీద బోర్లా పడుకుని పెట్టి చూశాడు. ప్రతిచోటా అదే వరస. లేచి కూర్చుని ఆ రోజును ఊహించుకున్నాడు.

ఇద్దరు మేస్త్రీలు గోడకు చెరో వైపు, ఎదురెదురుగా నిలబడి, వరసలో చెరో సగం కడుతూ ఉంటారు. ఇద్దరూ కుడిచేత్తో బెజ్జం ఉన్న కొస పట్టుకుని ఉంటారు. ఒకరు పెట్టినప్పుడు బుడగ అవతలివాడి సగానికి పోయి ఉంటుంది. రెండోవాడు తనవైపు నుంచి పెట్టినప్పుడు మొదటివాడి సగానికి వచ్చి ఉంటుంది. నీదే వంకరంటే నీదే వంకర. మరి ఆ గోడ? ఆ గోడ ఇప్పటికీ ఉందా?

వస్తువును వారసులకు అప్పగించే కాగితం రాసి, సూపరింటెండెంటు చేత సంతకం పెట్టించుకుని, అర్జీలో ఆ ఖాళీ గడి ఉన్న కాగితం కూడా తీసుకుని, రసమట్టాన్ని పాత పేపర్లో చుట్టి, మూటల సారు అన్నం డబ్బా అయినా తెరవకుండా బస్సెక్కాడు. ముప్ఫై ఒక్క ఏళ్లలో పనివేళ గేటు దాటడం అదే మొదలు.

చివరి స్టాపులో దిగి అడిగితే జోడీ ఇల్లు చూపించారు. ముందు వసారాలో ఒక పెద్దావిడ ఇస్త్రీ చేస్తోంది. అరవై దాటి ఉంటుంది, మణికట్టు దగ్గర పాత కాలిన మచ్చలు. జైలు నుంచి అనగానే ఆవిడ మొహం గడియ పెట్టేసుకుంది.

"సంతకాల కోసమైతే వెళ్లిపోండి."

"సంతకం కోసం కూడా వచ్చానమ్మా, అబద్ధం చెప్పను. కానీ ముందు మీ వస్తువు ఇవ్వాలి." పేపరు విప్పి చూపించాడు.

ఆవిడ ఇస్త్రీపెట్టెను నిలబెట్టి, చేతులు తుడుచుకుని, చెక్క అంచును వేలితో నిమిరింది.

"ఆ రోజు పొద్దున మెట్టుమీంచి జారిపడింది ఇది," అంది. "గాజు పగల్లేదు, అదృష్టం అన్నాడు."

మూటల సారు ఒక అడుగు ముందుకు వేశాడు. "ఆ గోడ ఉందా అమ్మా?"

"మా వంటింటిదే. ఆ వరస దగ్గరే ఆగిపోయింది. వేరేవాళ్లు వచ్చి దానిమీద కిటికీ పెట్టి పైకి లేపారు. సున్నం కొట్టనివ్వలేదు నేను." "చంపాడు. సరే, కోపం, చంపాడు. ఆ పైన కోర్టులో నిలబడి మా ఆయన కట్టింది వంకరన్నాడు సారూ. పేపర్లో కూడా వేశారు. పనివాడికి పోయాక మిగిలేది ఆ పని ఒక్కటే కదా. అదీ లేకుండా చేశాడు. ఏమని రాసివ్వను నేను?"

"ఒక్కసారి ఆ కిటికీ చూపిస్తారా?"

వంటింటి కిటికీ అడుగున ఇటుకలు సున్నం లేకుండా ఉన్నాయి, ఇద్దరి వరసలూ కలిసిన చోటు. మూటల సారు రసమట్టం పెట్టాడు. బుడగ ఎడమకు పోయింది. ఆవిడ పెదవి కొరుక్కుంది. తిప్పి పెట్టాడు. కుడికి పోయింది. సంగతంతా చెప్పాడు.

ఆవిడ నమ్మలేదు. బట్టలమీద చల్లే నీళ్లు ఒక వెడల్పాటి పళ్లెంలో పోసి, కిటికీ అడుగున ఆనించి, నీళ్లు కదలడం ఆగేదాకా ఊపిరి బిగబట్టి నిలబడింది. ఆ కొసన వేలు ముంచింది. ఈ కొసన వేలు ముంచింది. రెండు పక్కలా గోరు మునిగినంతే లోతు. మళ్లీ ముంచింది. మూడోసారి పళ్లెమే తిప్పి చూసింది.

"తిన్నగా ఉంది," అంది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కింద కూర్చుండిపోయింది. మూటల సారు ఎటు చూడాలో తెలియక పళ్లెంలోని నీళ్లను చూస్తూ నిలబడ్డాడు. ఆయన కళ్లు కూడా తడిశాయి.

కాసేపటికి ఆవిడే లేచి మొహం కడుక్కుని వచ్చింది. కాగితం మీద ‘అంగీకారం’, ‘అభ్యంతరం’ అని రెండు మాటలున్నాయి. ఒకటి కొట్టేయాలి.

"క్షమించానని రాయకండి. అది వేరే సంగతి."

"రాయనమ్మా."

ఆవిడ ‘అభ్యంతరం’ మీద అడ్డగీత గీసింది. రసమట్టాన్ని పేపర్లో చుట్టి తిరిగి ఆయన చేతుల్లో పెట్టింది. "ఇది ఇక్కణ్ణుంచి పట్టుకుపోయింది వాడు. వాడే తెచ్చివ్వాలి. ఇక్కడ నిలబడి, గోడ తిన్నగా ఉందని వాడి నోటితో చెప్పాలి. అదీ రాసుకోండి."

రాసుకున్నాడు. గడి చాలక పక్క అంచులోకి కూడా పోయింది అక్షరం.

తిరిగొచ్చేసరికి సాయంత్రం లెక్క కోసం ఖైదీలు వరసలో నిలబడుతున్నారు. మేస్త్రీని గదికి పిలిపించి, రసమట్టాన్ని బల్లమీద పెట్టాడు. "నువ్వే చూడు."

మేస్త్రీ చూశాడు. తిప్పి చూశాడు. మళ్లీ తిప్పాడు. గోడను పట్టుకుని మెల్లగా స్టూలుమీద కూలబడ్డాడు.

"నూట నలభై మందికి చెప్పానండీ, తిప్పి చూసుకోమని," అన్నాడు. "ఆ రోజు నాకు గుర్తురాలేదు. వాడికీ రాలేదు."

"ఆవిడ నిన్ను రమ్మంది."

మేస్త్రీ తలెత్తలేదు. దగ్గు వచ్చింది, తగ్గింది. "గోడ ఎలా ఉందండీ?" అని అడిగాడు.

"తిన్నగా ఉంది."

మేస్త్రీ అరచేతులతో మొహం కప్పుకున్నాడు. సాయంత్రపు లెక్క గంట మోగింది. ఒకడు తక్కువ వచ్చాడని కేకలు వినిపిస్తుంటే, మూటల సారు గుమ్మంలోకి వెళ్లి, ఇక్కడున్నాడని అరిచి చెప్పాడు. ఆ రాత్రి అన్నం దగ్గర ఇదంతా చెబుతుంటే భార్య ముద్ద చేతిలోనే పట్టుకుని, మొదటిసారి చివరిదాకా వింది.

విడుదల ఉత్తర్వు పదకొండు వారాలకు వచ్చింది. ఒక మంగళవారం మధ్యాహ్నం, జైలువాళ్లు ఇచ్చిన కొత్త చొక్కాలో మేస్త్రీ బల్ల ముందు నిలబడ్డాడు. మనిషి ఇంకా చిక్కిపోయాడు. మూటల సారు నూట పన్నెండో మూట దించి, ముడి చెవి సరిచేసి, బల్లమీద పెట్టాడు. పక్కనే రసమట్టం పెట్టాడు. మేస్త్రీ చిట్టాలో సంతకం చేశాడు.

"ఏడో నంబరు బస్సు. చివరి స్టాపు. వసారాలో ఇస్త్రీబల్ల ఉంటుంది."

"ఉంటానండి, సారూ."

రసమట్టాన్ని కొత్త చొక్కా అంచుతో తుడిచి, రెండు చేతులా అడ్డంగా పట్టుకుని, బుడగవైపే చూస్తూ గేటుదాకా నడిచాడు. గేటు తీశారు, మూశారు. మూటల సారు చిట్టాలో గీత గీసి, కళ్లజోడు తీసి తుడుచుకుని, అప్పుడు బల్లవైపు చూశాడు. నూట పన్నెండో మూట అక్కడే ఉంది, ఎవరూ లాగని ముడి చెవి పైకి నిలబడి.